గోడలు లేచేదాకా పిల్లల వయసు ఆగుతుందా?

అమెరికా బేస్‌బాల్ జట్టు ఏదైనా డొమినికన్ రిపబ్లిక్‌లో కడుతున్న అకాడమీ ఆలస్యమైందంటే వార్తల్లో రెండే మాటలు వస్తాయి: ఖర్చు ఎంత పెరిగింది, ఎప్పుడు తెరుస్తారు. నేను అడగాలనుకునేది మూడోది. అందాకా ఆ పిల్లలు ఎక్కడుంటారు?

ఈ ఆట మన యువతకు కొత్త కాబట్టి కాస్త వెనక్కి వెళ్తాను. డొమినికన్ రిపబ్లిక్ కరేబియన్ సముద్రంలో ఒక చిన్న దేశం. అక్కడి సాన్ పెద్రో దె మకోరీస్ చక్కెర మిల్లుల ఊరు. చెరకు పనికి పక్క దీవుల నుంచి వచ్చిన కూలీలు తమతో క్రికెట్ తెచ్చారు. వాళ్ల పిల్లలు, మనవలు బేస్‌బాల్‌కు మారారు. సామీ సోసా ఆ ఊరివాడే. ఇవాళ మేజర్ లీగ్ జట్లు 30కీ ఆ దేశంలో అకాడమీలున్నాయి.

అమెరికా కుర్రాడు హైస్కూలు పూర్తయ్యాకే డ్రాఫ్ట్‌కు వస్తాడు. డొమినికన్ కుర్రాడితో 16 ఏళ్లకే సంతకం చేయించుకుంటారు. చాలామంది అంతకుముందే బడి మానేసి, 'బుస్కోన్' అనే ప్రైవేటు శిక్షకుల దగ్గర చేరి ఉంటారు. సంతకం డబ్బులో వాళ్ల వాటా వాళ్లకు పోతుంది. అకాడమీ అంటే మైదానం ఒక్కటే కాదు. పడక, భోజనం, ఇంగ్లీషు పాఠం, వైద్యం అన్నీ అక్కడే. అది రెండేళ్లు ఆలస్యమైతే జట్టు లెక్కల్లో ఒక వరుస మారుతుంది. 16 ఏళ్లవాడికి 18 వస్తాయి. 20 దాటేసరికి ఇంటికి పంపేసినవాళ్లు లెక్కలేనంతమంది.

బాల్టిమోర్ ఓరియోల్స్ తమ కొత్త అకాడమీని కోవిడ్ రోజుల్లో ప్రకటించింది. తలుపులు తెరిచింది 2024 జనవరిలో. కరోనా కాలంలో పనులు ఆలస్యం కావడం ఎవరి తప్పూ కాదు, ఒప్పుకుంటాను. మన సంఘాల్లో మందిరం స్లాబు పడటానికే ఎన్నేళ్లు పడుతుందో నాకు తెలుసు. కానీ స్లాబు పడలేదని ఆదివారం ఆరాధన మానేశామా? పందిరి వేసుకున్నాం. టీచరుకూ నర్సుకూ కాంక్రీటు అక్కర్లేదు. అద్దె ఇంట్లోనైనా పెట్టొచ్చు.

వైద్యం మాట ఊరికే అనడం లేదు. 2011లో అమెరికా ప్రయాణానికి సిద్ధమవుతున్న 18 ఏళ్ల డొమినికన్ ఆటగాడు మెనింజైటిస్‌తో చనిపోయాడు. అతని జట్టుకు అక్కడ అకాడమీ ఉంది, భవనమూ ఉంది. అందుకే భవనం గురించి చెప్పే గొప్పలు నన్ను కదిలించవు.

ఇంకో సంగతి. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ 1987లో తెరిచిన కాంపో లాస్ పాల్మాస్ అకాడమీకి గొప్ప పేరుంది. పెద్రో మార్తీనెస్ అక్కడివాడే. అదే జట్టు ఏడ్రియన్ బెల్త్రేతో 15 ఏళ్లకే సంతకం చేయించుకుంది. 1999లో ఆ సంగతి బయటపడితే 50,000 డాలర్ల జరిమానా వేసి, డొమినికన్ కార్యకలాపాలు ఏడాదిపాటు ఆపమన్నారు. తప్పు చేసింది క్లబ్బు. ఏడాది పోయింది ఎవరికి? శిక్షగా ఆపినా, సిమెంటు అందక ఆగినా, నష్టపోయేది ఆ కుర్రాళ్లే.

మరి అడగరా అంటే, అడిగే సంఘం వాళ్లకు లేదు. 2022లో మైనర్ లీగ్ ఆటగాళ్లు యూనియన్‌లో చేరారు. 2023లో మొదటి ఒప్పందం కుదిరి జీతాలు పెరిగాయి. డొమినికన్ సమ్మర్ లీగ్ కుర్రాళ్లు మాత్రం అందులో లేరు. వయసులో అందరికంటే చిన్నవాళ్లు, చదువు తక్కువవాళ్లు, పేదవాళ్లు. వాళ్లనే గేటు బయట ఉంచారు. కొందరు 'వేరే దేశం, వేరే చట్టం' అంటారు. సంతకం చేయించుకునేటప్పుడు అడ్డురాని సరిహద్దు హక్కుల దగ్గరే ఎందుకు అడ్డొస్తుంది?

ఆ ఒప్పందం 5 ఏళ్లకు. మళ్లీ చర్చలకు కూర్చునేటప్పుడు యూనియన్ రెండు అడగాలి: ఈ కుర్రాళ్లకూ సభ్యత్వం, అకాడమీ కట్టడం ఆగినా చదువు, వైద్యం ఆగవని ప్రతి జట్టు నుంచీ రాతపూర్వకంగా హామీ.