బ్యాగులు చూసుకునే మనిషి

విహారయాత్రకి వెళ్ళిన ప్రతి కుటుంబంలోనూ బ్యాగులు చూసుకునే మనిషి ఒకరుంటారు. ఆ మనిషి ఎవరో మీకు నేను చెప్పక్కర్లేదు. పిల్లలు రోలర్ కోస్టర్ ఎక్కుతుంటే కింద బెంచీ మీద నాలుగు జతల చెప్పులు, మూడు ఫోన్లు, రెండు నీళ్ళ సీసాలు ముందేసుకుని కూర్చునేది ఆవిడే. ఫొటోలు తీసేదీ ఆవిడే కాబట్టి ఆల్బంలో మాత్రం ఎక్కడా కనిపించదు. "నువ్వూ రావచ్చుగా" అని ఎవరూ అనరని కాదు. అంటారు. కానీ విస్తరి ముందు నుంచి లేచిపోయిన వాళ్ళని "ఇంకో లడ్డూ వేసుకోండి" అన్నట్టు అంటారు. ఆవిడ కూడా అదే మర్యాదతో "నాకు భయం బాబూ, మీరు వెళ్ళండి" అంటుంది.

ఈ "నాకు భయం" అన్న మాట మీదే నాకు అనుమానం. మనకి నిజంగా భయం ఉందో లేదో ఎవరైనా చూశారా? నాకు తెలిసిన ఆడవాళ్ళలో చాలామందికి ఎత్తంటే భయం కాదు. "ఇంత వయసొచ్చి దీనికెందుకీ సరదా" అని ఎవరైనా అంటారేమోనని భయం. ఈ రెండూ ఒకటి కావు.

మొన్న డిసెంబరులో ఆక్లండులో ఉన్న మా మరిది వాళ్ళింటికి వెళ్ళాం. మనకి చలికాలమైతే వాళ్ళకి అది ఎండాకాలం. అక్కడినుంచి అందరం కలిసి మూడు రోజులు క్వీన్స్‌టౌన్ వెళ్ళాం. ఆ ఊరికి కాస్త దూరంలో కవరౌ నది మీద పాత వేలాడే వంతెన ఒకటుంది. 1880లో బంగారం తవ్వకాలకి వెళ్ళే జనం కోసం కట్టారట. 1988 నవంబరులో ఏజే హ్యాకెట్, హెన్రీ వాన్ ఆష్ అనే ఇద్దరు ఆ వంతెన మీదనుంచి డబ్బు తీసుకుని జనాన్ని దూకించడం మొదలుపెట్టారు. ఇప్పుడు ప్రపంచమంతా చేస్తున్న బంగీ వ్యాపారానికి పుట్టిల్లు అదే. ఎత్తు 43 మీటర్లు. మన లెక్కలో పద్నాలుగు అంతస్తుల అపార్టుమెంటు అనుకోండి. ఆ చుట్టుపక్కలే నెవిస్ అని 134 మీటర్లది ఇంకోటుంది. దాని జోలికి నేను వెళ్ళలేదు, వెళ్ళను కూడా.

మా మరిది, మా అమ్మాయి దూకుతామన్నారు. కౌంటరు దగ్గర మావారు కార్డు తీస్తూ "ఇద్దరికేగా" అన్నారు. "ముగ్గురికి" అన్నాను నేను.

"ఇంకెవరు?" అన్నారు ఆయన, చుట్టూ చూసి. మా అమ్మాయి "అమ్మా, జోకా?" అంది. జోకు కాదని తేలాక మావారు "నీకు లిఫ్టులోనే కళ్ళు తిరుగుతాయి కదే" అన్నారు. నాకు లిఫ్టులో కళ్ళు తిరిగింది నా జన్మలో ఒక్కసారి. అప్పుడు నాకు మూడో నెల. కడుపులో ఉన్నది ఈ జోకా అన్న పిల్లే. ఇరవై ఏళ్ళ కిందటి ఆ ఒక్క తిరుగుడు ఇంట్లో నా పేరు పక్కన శిలాశాసనంలా ఉండిపోయింది. ఇలాంటివి మీ పేరు పక్కన కూడా ఉండే ఉంటాయి. "దానికి ఇంగ్లీషు సినిమాలు ఎక్కవు", "మీ అమ్మకి నీళ్ళంటే పడదు" అని. ఎప్పుడు రాశారో, ఎందుకు రాశారో ఎవరికీ గుర్తుండదు. చెరపడం మాత్రం ఎవరి వల్లా కాదు.

సరే, టికెట్టు కొన్నాక మొదటి పరీక్ష తూకం. తూచి ఊరుకోరండీ, ఆ అంకె మార్కరుతో చేతి మీద రాస్తారు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో మావారికి కూడా చెప్పని అంకె, దారిన పోయే ప్రతివాడికీ కనిపించేలా. నవ్వొచ్చినా దాని వెనక కారణముంది. దూకే తాడు రబ్బరు పోగులు వందలకొద్దీ కలిపి చేసింది. అది ఎంత సాగాలన్నది మన బరువుని బట్టి ఉంటుంది. తేలికైన వాళ్ళకి ఒక తాడు, బరువైన వాళ్ళకి ఇంకా లావు తాడు. అందుకే అక్కడ రెండు కిలోలు తగ్గించి చెప్పే వీలుండదు, తూకమే చెప్తుంది.

రెండోది నగలు. వదులుగా ఉన్నవేవీ ఒంటి మీద ఉండకూడదు. తలకిందులైనప్పుడు మెడలోవన్నీ ముఖం మీదకొస్తాయి కదా. గాజులు, చెవుల లోలాకులు తీశాను. నల్లపూసల దగ్గర చెయ్యి ఆగింది. మావారు పక్కకి తిరిగి నది చూస్తున్నారు. తీసి ఆయన చేతిలో పెట్టాను, పైన కళ్ళద్దాలు, ఫోను, హ్యాండ్‌బ్యాగు కూడా పెట్టాను. పాపం రెండు చేతులూ నిండిపోయి ఆయన అలా నిలబడ్డారు. ఆ రోజుకి బ్యాగులు చూసుకునే మనిషి ఆయనే.

దూకడం గురించి ఎక్కువ చెప్పను, వీడియోలు మీరు చూసే ఉంటారు. చీలమండలకి తువ్వాలు చుట్టి, దాని మీద పట్టీలు బిగిస్తారు. నడుముకి ఇంకో పట్టీ, ఒకటి జారినా రెండోది ఉండేలా. ఒకరు కట్టినదాన్ని ఇంకొకరు మళ్ళీ లాగి చూస్తారు. అప్పుడు కాళ్ళు కట్టేసిన కోడిలా గెంతుతూ చెక్క అంచుకి వెళ్ళాలి. కిందకి చూడకు, ఎదురుగా కొండ చూడు అంటారు. అయిదు నుంచి వెనక్కి లెక్కపెడతారు. నేను "అమ్మా" అని అరిచానట, నాకు తెలియదు. కింద నీళ్ళు నీలమూ ఆకుపచ్చా కాని ఒక రంగులో పైకి దూసుకొచ్చాయి, మళ్ళీ దూరం జరిగాయి. ఊగడం తగ్గాక కింద రబ్బరు పడవలోంచి పొడుగాటి కర్ర అందించారు. అది పట్టుకుంటే పడవలోకి లాగి పడుకోబెట్టి కట్లు విప్పారు. తర్వాత మెట్లెక్కి పైకి రావడమే, అసలు ఆయాసం అక్కడొచ్చింది.

జ్ఞానోదయం లాంటిదేమీ కాలేదు. కానీ ఒకటి చెప్పాలి. తలకిందులుగా ఊగుతున్న ఆ అర నిమిషంలో నాకు ఎవరూ గుర్తు రాలేదు. పిల్లలు, మావారు, అత్తయ్యగారి బీపీ మాత్రలు, ఇంట్లో తాళం వేసి వచ్చిన గ్యాసు, ఏదీ రాలేదు. నిద్రలో కూడా నాకు అంత ఖాళీ దొరకదు.

వీడియో కుటుంబం గ్రూపులో పెట్టింది మా అమ్మాయి. మా మరిది వీడియో కింద "సూపర్ రా", చప్పట్లు, కండల బొమ్మలు. నా వీడియో కింద మా ఆడపడుచు "పిల్లలున్న తల్లివి వదినా, ఏమన్నా అయితే?" అని రాసింది. ప్రేమతోనే రాసింది, ఆవిడ మంచిది. కానీ మా మరిదికి నాలుగేళ్ళ కవలలున్నారండీ. నా పిల్లలు ఒకళ్ళు డిగ్రీ, ఒకళ్ళు పదో తరగతి. ఏమన్నా అయితే ఎవరి పిల్లలకి ఎక్కువ కష్టమో లెక్క వేయండి. ఆ ప్రశ్న అతన్ని ఒక్కరూ అడగలేదు.

నా గొడవంతా ఇదే. తల్లి ఒళ్ళు ఇంటి ఉమ్మడి ఆస్తి. దానికి దెబ్బ తగలకూడదు, ఎందుకంటే రేపు పొద్దున డబ్బాలు కట్టాలి. అదే ఒళ్ళు వర్షంలో స్కూటీ మీద పిల్లాడిని ట్యూషన్‌కి తీసుకెళ్తే "ఏమన్నా అయితే" అని ఎవరూ అనరు. స్టూలు మీద స్టూలు వేసి ఫ్యాను తుడిస్తే అసలే అనరు. ఇంటి పని మీద ఎంత ప్రమాదమైనా పరవాలేదు గానీ, సరదా కోసం అయితే బాధ్యత గుర్తొస్తుంది.

ఈ దూకుడు అసలు ఎక్కడిదా అని తర్వాత చదివాను. పసిఫిక్ సముద్రంలో వనువాటు అనే దేశం, అందులో పెంటెకోస్ట్ అనే దీవి. అక్కడ ఏటా ఏప్రిల్ నుంచి జూన్ దాకా, పెండలం దుంపల పంట కాలంలో, ఎత్తయిన కర్రల గోపురాలు కట్టి చీలమండలకి అడవి తీగలు కట్టుకుని మగవాళ్ళు నేల మీదకి దూకుతారు. వాళ్ళకది ఆట కాదు, పంట కోసం చేసే వేడుక. దాని వెనక వాళ్ళు చెప్పుకునే కథ వినండి. మొగుడితో వేగలేక ఒక ఇల్లాలు పారిపోయి మర్రిచెట్టెక్కిందట. వాడూ వెంటపడి ఎక్కాడు. ఆవిడ కాళ్ళకి తీగలు కట్టుకుని దూకేసింది, బతికింది. వాడు తీగల సంగతి తెలియక దూకి చచ్చాడు. మొదట్లో ఆడవాళ్ళే దూకేవారట. తర్వాత మళ్ళీ మోసపోకూడదని మగవాళ్ళు నేర్చుకున్నారు. ఇప్పుడు దూకేది మగవాళ్ళే, ఆడవాళ్ళు కింద నిలబడి పాడుతూ ఆడుతూ ఉత్సాహపరుస్తారు. ఆ దూకుడు గురించి తెలిసే ఇంగ్లండులో ఒక సాహసాల క్లబ్బు వాళ్ళు 1979 ఏప్రిల్ 1న బ్రిస్టల్‌లోని క్లిఫ్టన్ వంతెన మీదనుంచి రబ్బరు తాళ్ళతో దూకారు. వాళ్ళని చూసి హ్యాకెట్ మొదలుపెట్టాడు. అంటే ఆడదాని ఆలోచన ఊరంతా తిరిగి, టికెట్టు పెట్టుకుని, నా దగ్గరికొచ్చేసరికి "నీకెందుకే" అయింది. మావారికి ఈ కథ చెప్తే "చివర్లో మొగుడు పోయాడు కదే" అన్నారు. ఆయనకి అదొక్కటే పట్టింది.

అత్తయ్యగారు ఏమంటారోనని అందరూ బెంగపడ్డారు. వీడియో కాల్‌లో "ఇదేం పిచ్చే తల్లీ" అన్నారు, అంతే. ఇంటికొచ్చాక వారం తర్వాత, నేను వత్తులు చేస్తుంటే పక్కన కూర్చుని "ఎలా ఉందే?" అని మెల్లిగా అడిగారు. చెప్పాను. అప్పుడు ఆవిడ చెప్పారు. చిన్నప్పుడు కోనసీమలో వాళ్ళ ఊరి కాలువ మీద వంతెన పిట్టగోడ ఎక్కి దూకేవారట, అన్నదమ్ములతో సమానంగా. పెద్దమనిషి అయ్యాక ఇంట్లో మాన్పించారు. ఇరవై రెండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం, ఆవిడకి ఈత వచ్చని నాకు ఆ రోజే తెలిసింది. "మీ మామయ్యగారికి కూడా చెప్పలేదు" అన్నారు.

అయితే ఇదంతా చదివి మీ అమ్మనో, మీ వదిననో రెక్క పట్టుకుని అంచుకి లాక్కెళ్ళకండి. అది ఇంకో రకం పెత్తనం. వంతెన మీద నా ముందు ఒకావిడ మూడుసార్లు అంచుదాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. చివరికి వద్దని కట్లు విప్పించుకుంది. ఆవిడతో వచ్చినాయన డబ్బు పోయిందని ముఖం మాడ్చుకున్నాడు. నన్నడిగితే ఆవిడ చేసింది నేను చేసినదానికి ఏమాత్రం తక్కువ కాదు. అంతమంది చూస్తుండగా, డబ్బు కట్టాక, "వద్దు" అనడం మన వల్ల ఎన్నిసార్లు అయింది? దూకమన్నా మానమన్నా అది ఆమె నోటినుంచి రావాలి. మనం చెయ్యాల్సిందల్లా టికెట్లు కొనేముందు ఆవిడని కూడా నిజంగా అడగడం, అడిగి జవాబు వచ్చేదాకా ఆగడం.

డబ్బు సంగతి అడుగుతారు. ఎక్కువే, మా ఇంటి నెల కిరాణా కంటే ఎక్కువ. అరవై సెకన్లకి అంతా అని నేనూ అనుకున్నాను. మావారు ఐపీఎల్ టికెట్లకి పెట్టినప్పుడు ఓవరుకి ఎంత పడిందో నేను లెక్క వేయలేదు గనక, దీనికీ వేయదలచుకోలేదు.

వెళ్ళాలనుకునే వాళ్ళకి నాలుగు మాటలు. బీపీ, గుండె జబ్బు, మెడ, వెన్ను నొప్పులు, కంటి రెటీనా ఇబ్బంది, ఈమధ్య ఆపరేషన్, కడుపుతో ఉండటం, ఇవేవైనా ఉంటే వద్దు. అనుమానముంటే ముందు మీ డాక్టరుని అడగండి, ఫారంలో దాచకండి. సిజేరియన్లు అయినవాళ్ళు కూడా ఒకసారి అడగడం మేలు, నేను అడిగే వెళ్ళాను. న్యూజిలాండు దాకా పోనక్కర్లేదు, మన రుషికేశ్ దగ్గర మోహన్ చట్టిలో 83 మీటర్లది ఉంది. ఎక్కడైనా సరే, తూకం వేయకుండా తాడు కట్టేవాడి దగ్గర, ఒకడు కట్టినది ఇంకొకడు చూడని చోట దూకకండి. ఎగ్జిబిషన్లలో క్రేను నిలబెట్టి పిలుస్తుంటారు, అలాంటివి అసలు వద్దు. చీరా చున్నీ కుదరవు, ఒంటిని పట్టి ఉండే ప్యాంటు, లోపలికి దోపుకునే టీషర్టు వేసుకోండి. జుట్టు గట్టిగా జడ వేసుకోండి. కడుపు నిండా తిని వెళ్ళకండి, ఖాళీ కడుపుతోనూ వద్దు.

ఇంకేమైనా సందేహాలుంటే అడగండి, తెలిసింది చెప్తాను. ఆ చేతి మీద అంకె తప్ప.