గుండెదడ – వంశం

గుండె దడదడలాడితే ‘వేడి చేసిం’దని మజ్జిగ ఇచ్చి ఊరుకోవడం మన తిరుమంగళం ఇళ్ళలో అలవాటు. మేమూ అట్లే చేసినవారమే. అయితే మన పొరుగు మదురై కామరాజ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, హైదరాబాదు సి.సి.ఎం.బి. వారితోను ఇతరులతోను కలిసి 2009లో వెల్లడించిన సంగతి వినండి. గుండె కండరానికి కావలసిన ఒక మాంసకృత్తును తయారుచేయించే జన్యువులో 25 అక్షరాలు లోపించడం దక్షిణాసియా వారిలో నూటికి నలుగురిలో కనబడిందట. నడివయస్సు దాటాక కండరం చెడవచ్చు; అది చెడితే లయా తప్పవచ్చు. ఉన్నవారందరికీ జబ్బు రాదు సుమా! కాని మేనరికాలు విడువని మన కుటుంబాలలో ఆ లోపం ఇరువైపుల నుండీ బిడ్డకు చేరడం తేలిక. ఇంట ఎవరైనా చిన్నవయస్సులో హఠాత్తుగా గుండె ఆగి పోయివుంటే డాక్టరుకు చెప్పి, ఇ.సి.జి., ఎకో తీయించండి. సంబంధాలు చెడునని మా ఇంట ఆ మాట చాలాకాలం దాచాము.