బూటు చిరిగితే వందలు, యాక్సిల్ పోతే వేలు

నేను కారులో బయటికి వెళ్తున్నానని మా అపార్టుమెంటులో అందరికంటే ముందు తెలిసేది వాచ్‌మన్‌కి. హారన్ కొట్టే పనే లేదు. సెల్లార్ ర్యాంపు ఎక్కడానికి స్టీరింగ్ పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ తొక్కగానే ముందు చక్రం దగ్గర "టక్ టక్ టక్" అని చప్పుడు మొదలయ్యేది. మూసినట్టుండే సెల్లార్ కదా, అది నాలుగింతలై మోగేది. ఒకరోజు అతనే అన్నాడు: "సార్, మీ బండి గజ్జెలు కట్టుకున్నట్టుంది. ఒకసారి చూపించండి."

నవ్వేసి వెళ్లిపోయాను. వారం వారం ఈ శీర్షికలో మీకు సలహాలు చెప్పే నేను చేసిన పని అది!

అసలు కథ అంతకు ఏడాది ముందే మొదలైంది. వీల్ అలైన్‌మెంటుకి వెళితే, అక్కడ పనిచేసే కుర్రాడు కింద నుంచి తల బయటికి పెట్టి, "సార్, ఎడమవైపు యాక్సిల్ బూటు చిరిగింది. మార్పించుకోండి" అన్నాడు. నేను ఏమనుకున్నానో చెప్పక్కర్లేదు, మీరూ అదే అనుకుని ఉంటారు. "వచ్చిన పని ఒకటి, వీళ్లు అంటగట్టేది ఇంకొకటి" అనుకున్నాను. అతను వంగి చూడమన్నాడు. చొక్కా మాసిపోతుందని వంగలేదు. బిల్లు కట్టి వచ్చేశాను.

తర్వాత ఆరేడు నెలలకి చప్పుడు మొదలైంది. పాటల సౌండు కాస్త పెంచాను. వినబడలేదు.

ఒక ఆదివారం పొద్దున్నే అమ్మని బస్టాండులో దించాలి. సంచులు వెనక పెట్టి, అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని ర్యాంపు ఎక్కుతున్నాను. సగం ఎక్కాక "ఠప్" మని ఒక చప్పుడు. ఇంజను గట్టిగా అరుస్తోంది, కారు మాత్రం ముందుకి కదలడం లేదు. ఒక్క క్షణం ఆగి, వెనక్కి జారడం మొదలెట్టింది. బ్రేకు తొక్కాను, హ్యాండ్ బ్రేకు లాగాను. వాచ్‌మన్ పరుగున వచ్చి వెనక చక్రం కింద రాయి పెట్టాడు. అమ్మ మెల్లగా దిగి, చీర సర్దుకుని ఒకే మాట అంది: "ఏడాదిగా ఆ చప్పుడు నాకూ వినబడుతూనే ఉందిరా. నీకు తెలుసేమో అనుకున్నా."

ఆమె ఆటోలో వెళ్లింది. నా కారు టోయింగ్ బండి మీద ఆటోనగర్ వెళ్లింది.

ఇంతకీ ఆ బూటు ఏమిటి?

పూర్వం ఎద్దుల బండి ఇరుసుకి కందెన పెట్టేవాళ్లు. ఆముదంలో వరిగడ్డి మసి కలిపి చేసిన ఆ కందెన లేకపోతే ఎంత గట్టి బండైనా కీచుమంటూ అరిగిపోవలసిందే. కారు యాక్సిల్ కూడా ఇరుసే. కాకపోతే దీనికి కష్టం ఎక్కువ. ముందు చక్రాలతో నడిచే కార్లలో అదే చక్రం ఇంజను శక్తితో తిరగాలి, స్టీరింగ్ చెప్పిన వైపు మళ్లాలి, గుంతలో పడితే పైకీ కిందకీ ఊగాలి. తిన్నని ఇనుప కడ్డీతో ఈ పని కాదు. అందుకే గేరుబాక్సు నుంచి చక్రానికి వెళ్లే ప్రతి యాక్సిల్‌కీ రెండు చివరలా రెండు కీళ్లు ఉంటాయి. వాటినే సీవీ జాయింట్లు అంటారు. ఎంత వంపులో ఉన్నా వేగంలో తేడా రాకుండా తిప్పే కీలు అన్నమాట.

చక్రం వైపు ఉండే జాయింటు లోపల మామూలుగా ఆరు ఉక్కు గోళీలు ఉంటాయి. చెక్కినట్టున్న గాడుల్లో అవి అటూ ఇటూ జరుగుతూ శక్తిని చక్రానికి అందిస్తాయి. 1920ల్లో అమెరికాలో ఫోర్డ్ కంపెనీ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ రెజెప్పా ఈ గోళీల కీలుకి రూపం ఇచ్చాడు. 1959లో బ్రిటన్‌లో వచ్చిన మినీ కారు దీన్ని చిన్న కార్ల దాకా తెచ్చింది. మన దేశంలో అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వెనక చక్రాలతో నడిచే బండ్లు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాకే ముందు చక్రాల బండి మధ్యతరగతి ఇంటి ముందుకి చేరింది. దాంతోపాటే యాక్సిల్ బూటు అనే మాట మన మెకానిక్కుల నోట్లోకి వచ్చింది.

ఆ గోళీలు, గాడులు నల్లటి గ్రీజులో మునిగి ఉండాలి. గ్రీజు బయటికి పోకుండా, దుమ్మూ నీళ్లూ లోపలికి రాకుండా, హార్మోనియం తిత్తిలా మడతలు మడతలుగా ఉండే తొడుగు ఒకటి ఉంటుంది. రెండు వైపులా క్లాంపులతో బిగించి ఉంటుంది. అదే బూటు. రబ్బరు కదా, ఎండకీ వేడికీ కొన్నేళ్లకి గట్టిపడి మడతల్లో పగుళ్లు వస్తాయి. రోడ్డు మీద రాయి తగిలినా, క్లాంపు వదులైనా అంతే. పగిలిన చోట నుంచి తిరిగే వేగానికి గ్రీజు బయటికి చిమ్ముతుంది. ఆ ఖాళీలోకి దుమ్మూ వాన నీళ్లూ చేరతాయి. ఇసుక కలిసిన గ్రీజు ఇక గ్రీజు కాదు, సానరాయి. గోళీలనీ గాడులనీ తినేస్తుంది.

మన చెవికి చప్పుడు చేరేసరికి ఈ తినడం చాలావరకు అయిపోయి ఉంటుంది. నేను తెలుసుకోవడానికి ఏడాది పట్టిన సంగతి ఇదే.

మీరే చూసుకోవచ్చు

మెకానిక్ మాట గుడ్డిగా నమ్మక్కర్లేదు. నాలాగా గుడ్డిగా అనుమానించనూ అక్కర్లేదు. వంగి చూస్తే సరిపోతుంది.

కారుని చదునైన చోట ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పండి. ఇంజను ఆపేసి, ముందు చక్రం వెనకభాగంలోకి సెల్‌ఫోన్ లైటు వేయండి. మడతల తొడుగు కనిపిస్తుంది. మడతల్లో పగుళ్లున్నాయా? చుట్టుపక్కల, రిమ్ములోపలి వైపు నల్లగా గ్రీజు చిమ్మిన చారలున్నాయా? స్టీరింగ్ రెండో పక్కకి తిప్పి అటువైపూ అలాగే చూడండి. గేరుబాక్సు వైపు ఉండే లోపలి బూట్లు పైనుంచి కనబడవు. సర్వీసింగులో కారు లిఫ్టు ఎక్కినప్పుడు వాటిని చూపించమని అడగండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని మాత్రం కారు కిందకి దూరకండి.

చప్పుడు పరీక్ష కూడా సులువే. ఖాళీ మైదానంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి, మెల్లగా గుండ్రంగా నడపండి. ముందు ఎడమకి, తర్వాత కుడికి. మధ్యమధ్యలో యాక్సిలరేటర్ కొంచెం తొక్కండి. చక్రం తిరిగే లయలో "టక్ టక్" వస్తే బయటి జాయింటు అరిగినట్టే. ఇంట్లోవాళ్లని కాస్త దూరంగా నిలబెడితే ఏ వైపు నుంచి వస్తోందో చెబుతారు.

అన్ని చప్పుళ్లూ యాక్సిల్‌వి కావు. మలుపులతో సంబంధం లేకుండా వేగం పెరిగేకొద్దీ "హూం" అని హోరు పెరుగుతుంటే వీల్ బేరింగ్‌ని అనుమానించాలి. గుంతల్లో మాత్రమే "దడ్" మంటే సస్పెన్షన్ చూడాలి. తిన్నగా పోతూ స్పీడు అందుకునేటప్పుడు కారు వణికితే లోపలి జాయింటు కావచ్చు, ఇంజను మౌంటింగులూ కావచ్చు. రెండూ చూసి తేల్చమనండి.

బూటా, యాక్సిలా?

బూటు చిరిగింది, చప్పుడు ఇంకా లేదు అంటే మీరు అదృష్టవంతులు. బూటు కిట్టు కొంటే చాలు. అందులో కొత్త తొడుగు, క్లాంపులు, గ్రీజు పొట్లం వస్తాయి. చాలా చిన్న కార్లకి ఇది వందల్లో తేలే సామాను, పైన కూలి. అయితే పాత గ్రీజు మీదే కొత్త బూటు తొడిగేస్తే మొత్తం దండగ. జాయింటు విప్పి, పాత గ్రీజంతా కడిగి, గోళీలూ గాడులూ వెలుగులో చూడాలి. నున్నగా ఉంటే కొత్త గ్రీజు పొట్లమంతా పెట్టి బిగించాలి. గుంటలు పడి ఉంటే బూటు వేసి లాభం లేదు.

చప్పుడు మొదలయ్యాక బూటు మార్చడం, పుచ్చిన పన్నుకి తళతళా తోమడం లాంటిది. కొన్ని కార్లకి బయటి జాయింటు విడిగా దొరుకుతుంది. లేకపోతే యాక్సిల్ మొత్తం మార్చాలి. ఖర్చు వేలల్లోకి వెళ్తుంది. స్క్రాపులో పాత యాక్సిల్ చవగ్గా వస్తుందంటారు. తీసుకునే ముందు దాని బూట్లూ జాయింట్ల ఆటా చూడండి. లేకపోతే ఇంకొకరి చప్పుడు డబ్బిచ్చి కొనుక్కున్నట్టవుతుంది.

షెడ్డులో మీరు గమనించాల్సినవి

ఆ రోజు ఆటోనగర్‌లో మా మేస్త్రి పని చేస్తుంటే పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆయన చేసిన తీరే మీకు చెబుతున్నాను.

చక్రం నేల మీద ఉండగానే, ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే, మధ్యలో ఉండే పెద్ద హబ్ నట్టు వదులు చేశాడు. తర్వాతే కారు లేపి స్టాండ్ల మీద నిలబెట్టాడు. గేరుబాక్సు ఆయిలు దించుకున్నాడు. లేకపోతే యాక్సిల్ ఊడగానే ఆయిలంతా నేలపాలు. బ్రేకు కాలిపర్ విప్పి, గొట్టానికి వేలాడకుండా తీగతో కట్టాడు. కింది బాల్ జాయింటు విడదీసి, హబ్ లోంచి యాక్సిల్ బయటికి తీశాడు. గేరుబాక్సు వైపు ఊడదీయడానికి కడ్డీ పట్టుకుని లాగలేదు. అలా లాగితే లోపలి జాయింటు విడిపోవచ్చు. జాయింటు మొదట్లో లివర్ పెట్టి, ఆయిల్ సీలుకి గీత పడకుండా మెల్లగా లేపాడు.

కొత్తది ఎక్కించేటప్పుడు లోపలి చివర క్లిప్పు "టిక్" మని కూర్చుందో లేదో వెనక్కి కొంచెం లాగి చూశాడు. హబ్ నట్టు పాతది పారేసి కొత్తది వేశాడు. "ఇది వదులైతే బేరింగ్ పోతుంది సార్, మరీ బిగించినా అంతే" అంటూ టార్క్ రెంచి తీశాడు. ఎంత బిగించాలో ఒక్కో కారుకి ఒక్కో లెక్క, మాన్యువల్‌లో ఉంటుంది. చివరికి గేరుబాక్సులో కొత్త ఆయిలు మట్టం చూసి పోశాడు. మీ షెడ్డులో ఈ ఆయిలు మాట, కొత్త నట్టు మాట ఎవరూ ఎత్తకపోతే మీరే ఎత్తండి. తీసేసిన పాత యాక్సిల్‌ని కూడా చూపించమనండి.

మా మేస్త్రి పాత జాయింటు నా చేతిలో పెట్టాడు. గోళీల్ని పట్టి ఉంచే పంజరం ముక్కలైపోయింది. గ్రీజు బదులు ఎర్రటి తుప్పు నీళ్లు కారాయి. "ఏడాది కిందట వచ్చుంటే బూటుతో పోయేది" అన్నాడు. ఆ అలైన్‌మెంటు కుర్రాడు గుర్తొచ్చాడు.

ఇంకొక్క మాట, ఇది డబ్బు సంగతి కాదు. ముందు యాక్సిల్ ఒకటి తెగిపోతే, రెండో యాక్సిల్ బాగానే ఉన్నా కారు నడవదు. గేరుబాక్సులోని డిఫరెన్షియల్ శక్తినంతా అడ్డు లేని, తెగిన వైపే తిప్పేస్తుంది. అదే కారణంగా గేరులో పెట్టినా, ఆటోమేటిక్ కారుని పార్కింగ్‌లో పెట్టినా వాలు మీద కారు ఆగదు, జారిపోతుంది. ఆపేది బ్రేకులే. మామూలుగా హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలకి ఉంటుంది కాబట్టి ఆ రోజు మమ్మల్ని కాపాడింది అదే. వాలు మీద కారు ఆపినప్పుడు గేరుని మాత్రమే నమ్ముకోకుండా హ్యాండ్ బ్రేకు వేసే అలవాటు చేసుకోండి. మీ హ్యాండ్ బ్రేకు పట్టు సరిగా ఉందో లేదో కూడా ఒకసారి చూపించండి. టకటకమంటున్న కారుతో మాత్రం ఘాట్ రోడ్డు ఎక్కకండి. నిండా మనుషులతో, స్టీరింగ్ తిప్పి, ఎత్తు ఎక్కేటప్పుడే అరిగిన జాయింటు మీద భారం అంతా పడుతుంది.

బొలెరో, ఈకో లాంటి వెనక చక్రాల బండ్లున్నవాళ్లకి ముందు యాక్సిల్ బూటు గొడవ లేదు. స్విఫ్టు, ఐ10 లాంటివి ఉన్నవాళ్లు ఈ ఆదివారం అయిదు నిమిషాలు వంగి చూడండి. టైర్లు మార్చినప్పుడూ, వానాకాలం అయిపోగానే కూడా చూడండి.

మొన్న మళ్లీ అదే అలైన్‌మెంటు షాపుకి వెళ్లాను. ఆ కుర్రాడు అక్కడే ఉన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. కారు కింద చూసి, "సార్, కుడివైపు బూటు మడతలో చిన్న పగులు వస్తోంది" అన్నాడు. ఈసారి చొక్కా సంగతి ఆలోచించకుండా వంగి చూశాను. నిజమే. ఆ సాయంత్రమే కొత్త బూటు వేయించేశాను.

కారు మళ్లీ చప్పుడు లేకుండా ర్యాంపు ఎక్కుతోంది. మా వాచ్‌మన్ మాత్రం, "ఇప్పుడు మీరొస్తున్నట్టే తెలియట్లేదు సార్, హారన్ కొట్టండి" అంటున్నాడు.