గడ్డి నేల బంజరు కాదు

బావి మీదికి వంగిన తుమ్మకొమ్మకు, చేలో ఈతచెట్టుకు గూళ్లు వేలాడదీసే గిజిగాడు ప్రతి రైతుకూ తెలుసు. దానికి దగ్గరి చుట్టం ఒకటి హిమాలయాల దిగువన, ఉత్తరాఖండ్, ఉత్తరప్రదేశ్, అస్సాం గడ్డి మైదానాల్లో బతుకుతోంది. పేరు ఫిన్స్ వీవర్. గూడు కట్టే కాలంలో మగపక్షి తల, రొమ్ము అంతా పసుపే.

ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో గిజిగాడికి ‘ఆందోళన అక్కర్లేదు’. ఫిన్స్ వీవర్ మాత్రం ‘అంతరించే ప్రమాదంలో’ ఉంది. దేశంలో అవి వెయ్యి కూడా మిగల్లేదని పక్షి శాస్త్రవేత్తల అంచనా.

ఎందుకీ తేడా? గిజిగాడు పొలాన్ని నమ్ముకుని బతకగలదు. వరి ఆకు చీల్చి గూడల్లుతుంది, గింజ తింటుంది, పిల్లలకు పురుగులు మేపుతుంది. ఫిన్స్ వీవర్‌కు తడి గడ్డి, రెల్లు, అక్కడి బూరుగుచెట్లు కావాలి. ఆ గడ్డి పోయింది, పక్షీ పోతోంది.

రైతు చెరకు వేసినందుకే పక్షి పోయిందని కొందరు తేల్చేస్తారు. ఈ నింద మేం మోయం. స్వాతంత్ర్యం తర్వాత తరాయిలో అడవి కొట్టించి, మలేరియాకు డీడీటీ చల్లించి, దేశ విభజన కాందిశీకులకు అక్కడ భూములిచ్చింది ప్రభుత్వమే. బతకడానికి వచ్చినవాడు దున్నుకున్నాడు. గడ్డిని పనికిరానిదిగా లెక్కగట్టింది సర్కారు రికార్డు!

ఆ లెక్క నేటికీ మారలేదు. కేంద్రం ప్రచురించే బంజరు భూముల అట్లాస్‌లో పొదల నేలలు, చిత్తడి నేలలు, పాడైన పచ్చిక బయళ్లు అన్నీ ‘బంజరే’. బంజరని రాస్తే చాలు, కంపెనీకి కట్టబెట్టడం సులువు. మన ఊళ్లలో మేత పోరంబోకుకు పొంచి ఉన్న ముప్పు ఇదే. అది పోతే ముందు గొర్రెల కాపరి, ఆ తర్వాత పాడి రైతు, చివరికి పిట్ట.

‘ఆందోళన అక్కర్లేదు’ అన్నది ప్రపంచం మొత్తం మీద చెప్పిన మాట. మీ ఊరి తుమ్మ నరికేసి, పురుగులన్నిటినీ మందుతో చంపేస్తే గిజిగాడు మీ ఊళ్లో ఉండదు.

అందుకే మన డిమాండ్లు: మేత భూములను, చిత్తడి నేలలను బంజరు లెక్క నుంచి తీసేయాలి. గ్రామసభ ఒప్పుకోనిదే వాటిని ఎవరికీ ఇవ్వరాదు. పిట్టలు తిన్న జొన్నకు పరిహారం ఇవ్వాలి. పక్షిని కాపాడే ఖర్చు ఒక్క రైతు నెత్తినే రుద్దితే కుదరదు.

వచ్చే గ్రామసభలో ప్రతి శాఖ ఈ తీర్మానం పెట్టాలి.