బతికి బయటపడ్డవాళ్ల లెక్క ఎవరి దగ్గర ఉంది?

నాట్ల రోజులు వచ్చాయి. రఘునాథపల్లి చుట్టుపక్కల ఏ పొలం చూసినా కేజ్‌వీల్స్ వేసిన ట్రాక్టర్లు దమ్ము చేస్తున్నాయి. పొద్దున్నే ట్రాలీల నిండా కూలీలు బయలుదేరుతున్నారు. ట్రాక్టర్ బోల్తా పడి ఎవరైనా చనిపోతే పేపర్లో వస్తుంది. ఎవరూ చనిపోకపోతే ‘పలువురికి గాయాలు’ అన్న రెండు ముక్కలతో సరి. ఆ గాయాల గురించే ఈసారి రాస్తున్నాం.

2018 ఏప్రిల్ 6న నల్గొండ జిల్లా పెద్దఅడిశర్లపల్లి మండలంలో కూలీల ట్రాక్టర్ కాలువలో పడి తొమ్మిది మంది మహిళలు చనిపోయారు. మూడు నెలలు తిరక్కముందే, జూన్ 24న, యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర మూసీ కాలువలో ట్రాలీ పడి 15 మంది పోయారు. మంత్రులు వచ్చారు, పరిహారం ప్రకటించారు. ఆ ట్రాలీల్లోంచి ప్రాణాలతో బయటపడ్డవాళ్లు ఆ తర్వాత నాట్లకు పోగలిగారా అని అడిగినవాళ్లు మాత్రం తక్కువ.

బురదలో దిగబడ్డ ట్రాక్టర్‌ను గట్టిగా లాగిస్తే ముందు చక్రాలు లేచి రెప్పపాటులో వెనక్కి తిరగబడుతుంది. గట్టు ఎక్కేటప్పుడు పక్కకు ఒరిగినా, ఒర లేని బావి అంచున మట్టి జారినా అంతే. కింద పడ్డ మనిషి మీద టన్నుకు పైగా బరువు పడుతుంది. తుంటి ఎముక, వెన్నుపూస, తొడ ఎముక విరుగుతాయి. జనగామ నుంచి వరంగల్ ఎంజీఎంకో, హైదరాబాదుకో తీసుకుపోయి రాడ్ వేయిస్తారు. అందరూ దాన్నే చికిత్స అనుకుంటారు. అసలు కష్టం ఇంటికి వచ్చాక మొదలవుతుంది. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు పడక పుండ్లు పడతాయి, మూత్రం గొట్టంతో మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్ వస్తుంది, ఏళ్ల తర్వాత కిడ్నీలు దెబ్బతినవచ్చు. తలకు దెబ్బ తగిలినవాళ్లకు నెలలు గడిచాక మూర్ఛలు రావచ్చు. మతిమరుపు, పట్టలేని కోపం వస్తాయి. ఊళ్లో దాన్ని ‘మనిషి మారిపోయిండు’ అంటారే తప్ప గాయం అనరు. అతుక్కున్న కాలు పొట్టిదైతే నడుము అరుగుతుంది, కీలు అరుగుతుంది. వాళ్లను చూసుకోవడానికి ఇంట్లో ఇంకొకరు పని మానుకోవాలి. ఆ ఇంకొకరు దాదాపు ఎప్పుడూ ఆడమనిషే.

మోకాలు పూర్తిగా మడతపడని మనిషికి సదరం క్యాంపులో 40 శాతం రాకపోతే పింఛను లేదు. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగానికి ఆ మోకాలు చిన్న లోటే కావచ్చు. నాటు వేసే మనిషికి వంగడమే పని. 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే చెప్పింది. చెయ్యి పోతే గుమాస్తాకు ఉద్యోగం మిగలవచ్చు, డ్రైవరుకో వడ్రంగికో సంపాదన మొత్తం పోయినట్టే, కాబట్టి శరీరం శాతాన్ని కాదు, పోయిన సంపాదనను లెక్కకట్టాలని చెప్పింది. ట్రిబ్యునల్‌లో పనికొచ్చే ఈ మాట పింఛను ఆఫీసులో పనికిరాదు.

రైతుబీమా 2018 ఆగస్టు నుంచి ఉంది. పట్టా ఉన్న రైతు ఏ కారణంతో చనిపోయినా ఐదు లక్షలు వస్తాయి, అది మంచి పథకమే. కానీ మంచాన పడ్డ రైతుకు ఒక్క రూపాయి రాదు. కౌలు రైతుకూ కూలీకీ చనిపోయినా రాదు. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కోసే సురక్షా బీమా యోజన పాక్షిక వైకల్యానికి లక్ష ఇస్తుంది, అదీ కన్ను, చెయ్యి, కాలు పూర్తిగా పనికిరాకుండా పోతేనే. నడుము నొప్పి ఆ జాబితాలో లేదు.

రోడ్డు ప్రమాద బాధితులకు లక్షన్నర దాకా నగదు లేని చికిత్స ఇస్తామని కేంద్రం 2025 మేలో ప్రకటించింది. అదే ట్రాక్టర్ రోడ్డు దాటి పొలంలో తిరగబడితే రోడ్డు ప్రమాదం అనరు. బీమా కంపెనీలు కూడా ‘పబ్లిక్ ప్లేస్ కాదు’ అని వాదిస్తాయి. మడ్‌గార్డ్ మీదో ట్రాలీలోనో కూర్చున్నవాళ్లకు పాలసీ వర్తించదంటాయి. అప్పుడు పరిహారం భారం ఓనరు మీద పడుతుంది. ఆ ఓనరు కూడా చాలాసార్లు కిస్తీలు కడుతున్న మన సభ్యుడే. ఇద్దరూ మనవాళ్లే అయినచోట ఊరి పెద్దలు కూర్చోబెట్టి యాభై వేలో లక్షో ఇప్పించి కేసు లేకుండా చేస్తారు. మేము దీన్ని ఒప్పుకోం. రాజీ డబ్బు మొదటి ఆపరేషన్‌కే చాలదు. కేసు పెట్టడమంటే ఓనరు మీద పగ తీర్చుకోవడం కాదు, బీమా కంపెనీని బాధ్యతలోకి లాగడం. 2007లో బ్రిజ్‌మోహన్ కేసులో ట్రాలీలో పోతున్న కూలీకి ముందు కంపెనీయే చెల్లించి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఓనర్లు గుర్తుంచుకోవాలి: మొదటి ఏడాది తర్వాత పాలసీ రెన్యువల్ చేయించని బండి ఇద్దరినీ ముంచుతుంది.

బండి కంపెనీలనూ వదలకూడదు. తిరగబడినా డ్రైవరు నలగకుండా కాపాడే ఇనుప చట్రాన్ని కొత్త ట్రాక్టర్లకు స్వీడన్ 1959లోనే తప్పనిసరి చేసింది. మన దగ్గర ఎండకు వేసే రేకు పందిరి ఆ పని చేయదు.

రైతుబీమాలో శాశ్వత వైకల్యాన్ని చేర్చాలి, కౌలు రైతులనూ కూలీలనూ చేర్చాలి. పొలంలో జరిగిన ప్రమాదానికీ ఉచిత చికిత్స ఇవ్వాలి. సదరంలో చేసే పనిని బట్టి శాతం కట్టాలి. ఈ మూడింటి మీద కలెక్టరేట్‌లో వినతిపత్రం ఇస్తాం. అంతకన్నా ముందు, గత ఐదేళ్లలో మన మండలంలో ట్రాక్టర్ల కింద పడి బతికినవాళ్ల పేర్లు గ్రామ కమిటీలు ఊరూరా రాసుకురావాలి.

ఒక గడువు సంగతి. 2019 సవరణ ప్రకారం పరిహారం కేసు ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో వేయాలి. ఇది 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దీని మీద సుప్రీంకోర్టులో సవాలు ఉంది, కాబట్టి గడువు దాటినవాళ్లు కూడా వకీలును అడగకుండా ఊరుకోవద్దు. ఎఫ్ఐఆర్ నకలు, ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రేలు దాచిపెట్టండి. పాలసీ కాగితం దొరక్కపోతే బండి నంబరైనా రాసుకుని రండి.