పాటకు ముందే ధర తేల్చుకోవాలి

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఖమ్మం మిర్చి యార్డుకు తెల్లవారేసరికే బస్తాలు చేరిపోతాయి. చర్ల, దుమ్ముగూడెం వైపు గోదావరి ఒడ్డున పండిన కాయ కూడా రాత్రంతా ప్రయాణం చేసి అక్కడికి వస్తుంది. ఉదయం జెండా పాట జరుగుతుంది. ఆ రోజు వచ్చిన సరుకులో మేలైన దానికి వ్యాపారులు పోటీపడి పాడగా తేలిన ధర అది. పేపర్లో వచ్చేదీ ఆ అంకే.

ఆ అంకె పట్టుకుని ఇంట్లో అప్పులు, ఫీజులు, పెళ్లి ఖర్చులు లెక్కేసుకుంటే మాత్రం చిక్కే. జెండా పాట అందుకునేది ఏ ఒకటి రెండు రాశులో. మిగతావి రంగును, తేమను, తాలు కాయను బట్టి అంతకంటే తక్కువకే పోతాయి. 2017లో మిర్చి ధర బాగా పడిపోయినప్పుడు, ఏప్రిల్ 28న ఖమ్మం యార్డులో రైతుల కోపం కట్టలు తెంచుకుంది. మార్కెట్ కార్యాలయంలో సామాన్లు ధ్వంసమయ్యాయి. రైతులు కేసుల పాలయ్యారు. ఏడాది కష్టం ఒక్క పూట పాటలో తేలిపోయే చోట, ఆ పాట ఎలా నడుస్తుందో తెలియడం చాలా అవసరం.

ఇప్పుడు ఆ పాట కంప్యూటర్లోకీ, సెల్‌ఫోన్‌లోకీ వచ్చింది. మన దేశంలో ఇంటి సామాన్లు ఆన్‌లైన్ వేలంలో అమ్మడం 2000లో మొదలైన బాజీ డాట్ కామ్‌తోనే చాలామందికి పరిచయమైంది. దాన్ని 2004లో ఈబే కొనుక్కుంది. ఈబే ఇండియా 2018 ఆగస్టులో మూతపడింది. అయితేనేం, వేలాలు ఆగలేదు. పంటలకు 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ వచ్చింది. తెలంగాణ మార్కెట్లు కొన్ని మొదటి విడతలోనే అందులో చేరాయి. బ్యాంకులు జప్తు చేసిన ఇళ్లు, ఫైనాన్స్ కంపెనీలు స్వాధీనం చేసుకున్న బండ్లు కూడా ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే పాటకు వస్తున్నాయి. సరుకు ఏదైనా సూత్రం ఒకటే. పాట మొదలయ్యేలోపు తన ధర తనకు తెలిసినవాడే నష్టపోకుండా బయటపడతాడు.

అమ్మేవారికి

ఈ-నామ్ అమలయ్యే యార్డులో గేటు దగ్గరే సరుకుకు లాట్ నంబరు ఇస్తారు. నమూనా తీసి నాణ్యత చూస్తారు. గడువులోపు వ్యాపారులు తమ ధర వేస్తారు. ఎక్కువ వేసినవారికి సరుకు దక్కుతుంది. అయితే ఆ ధర నచ్చకపోతే ఒప్పుకోనని చెప్పే హక్కు రైతుకు ఉంది. ఈ సంగతి తెలియక తల ఊపి వచ్చేసేవారు ఎందరో!

తాలు కాయను కల్లంలోనే ఏరి వేరే బస్తాల్లో తేవాలి. పైన మంచి కాయ, అడుగున మచ్చ కాయ పెడితే కాంటా దగ్గర బయటపడుతుంది, వచ్చిన ధర కూడా తెగుతుంది. పేరు నమోదుకు సొంత ఫోన్ నంబరు, సొంత బ్యాంకు ఖాతా ఇవ్వాలి. అడ్తిదారు నంబరు ఇస్తే ధర మెసేజ్ ఆయన ఫోన్‌కే పోతుంది.

ఇంటి దగ్గర బయలుదేరే ముందే కాగితం మీద ఒక అంకె రాసుకోవాలి. కోత కూలి, బస్తాలు, లారీ కిరాయి, హమాలీ, కమీషన్ పోగా చేతికి ఎంత మిగలాలి? ఒప్పుకోకపోతే కోల్డ్ స్టోరేజీ అద్దె, అప్పు మీద వడ్డీ నెలకు ఎంత పడుతుంది? ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, అమ్మాలా ఆగాలా అన్నది అక్కడే తేలిపోతుంది. అమ్మాక తక్‌పట్టీ చేతికి రాకుండా యార్డు దాటకూడదు.

ఇంట్లో పాత సామాను అమ్మేవారికీ ఇదే పద్ధతి. వస్తువుకున్న గీత, సొట్ట, రిపేరు దాచకుండా ఫొటోలో చూపించి రాయాలి. లోపం ముందే తెలిసి కొన్నవాడు తర్వాత తగవుకు రాడు.

కొనేవారికి

ఫైనాన్స్ కంపెనీ పట్టుకొచ్చిన మోటార్ సైకిల్ ఒకటి వేలానికి వచ్చిందనుకుందాం. అలాంటి బండికి బయట 45,000 రూపాయలు పలుకుతోంది. రిపేరుకు 6,000, కాగితాలు పేరు మార్చుకోవడానికి 2,000, వేలం సంస్థ రుసుము 2,000, బండి తెచ్చుకోవడానికి 1,500 అవుతాయనుకుంటే మొత్తం 11,500. అంటే 33,500 దాటి ఒక్క రూపాయి కూడా పాడకూడదు. ‘ఇంకో ఐదొందలే కదా’ అనిపించినప్పుడే మనిషి మోసపోతాడు. ఎదుటివాడి మీద పంతం పెరిగేకొద్దీ బండి విలువ పెరగదు. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, పాత చలాన్లు చూడకుండా అసలు పాటలోకి దిగకూడదు.

ఇళ్లు, స్థలాల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద జరిగే వేలంలో ధరావతుతో కలిపి 25 శాతం సొమ్ము ఆ రోజుగానీ మర్నాటి పనిదినానికిగానీ కట్టాలి. మిగతా 75 శాతం మామూలుగా అమ్మకం ఖరారైన 15 రోజుల్లో కట్టాలి. గడువు తప్పితే కట్టింది కూడా పోతుంది. బ్యాంకు లోను తర్వాత చూసుకుందాంలే అని పాడేస్తే అంతే సంగతులు. ‘ఉన్నది ఉన్నట్టు’ అని ప్రకటనలో రాశారంటే, అద్దెకున్నవాళ్లు, కరెంటు బకాయి, కోర్టు కేసు అన్నీ కొన్నవారి నెత్తినే పడొచ్చని అర్థం.

భద్రాచలం ఏజెన్సీలో మరో మెలిక ఉంది. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి మారడానికి వీల్లేదు. బ్యాంకు వేలంలో వచ్చింది కదా అని దాన్ని పక్కన పెట్టలేం. స్థలం ఏ మండలంలో ఉందో చూసుకుని, వకీలుకు కాగితాలు చూపించాకే ధరావతు కట్టాలి.

అడవి అంచున ఉన్నవారికి

తాతల నాటి ఇంట్లో దుప్పి కొమ్మో, పులిగోరో కనిపిస్తే వేలానికి పెట్టాలనే ఆలోచనే రాకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. అలుగు పెంకులదీ అదే దారి. వందేళ్లు దాటిన విగ్రహాలు, కళాఖండాలు అమ్మడానికి కూడా పురావస్తువుల చట్టం అడ్డం వస్తుంది.

ఇక పాత నాణేల సంగతి. ‘మీ పాత ఐదు రూపాయల నోటుకు లక్షలు’ అంటూ ఫోన్లు వస్తుంటాయి. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, తర్వాత పన్ను, ఆపైన రిజర్వు బ్యాంకు కమీషన్ అంటూ గుంజుతారు. పాత నోట్లు, నాణేల లావాదేవీల్లో తాము ఏ రుసుమూ వసూలు చేయబోమని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించింది. అమ్మేవాడికి డబ్బు రావాలేగానీ, అమ్మేవాడే డబ్బు కట్టడమేమిటి? డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ నొక్కాల్సిన పని లేదు. నొక్కమన్నారంటే దోచుకోవడానికే. పొరపాటు జరిగితే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే సొమ్మును ఆపే వీలు అంత ఎక్కువ.

పాట ముగిశాక చేసే లెక్క పశ్చాత్తాపానికి తప్ప దేనికీ పనికిరాదు. కల్లం దగ్గర కూర్చుని ఇంటిల్లిపాదీ కలిసి ఒక అంకె రాసుకుని, ఆ కాగితం జేబులో పెట్టుకుని బయలుదేరితే చాలు. యార్డులో ఎవరెంత అరిచినా, తెర మీద అంకెలు ఎంత పరుగెత్తినా, ఆగాల్సిన చోటు ఆ కాగితమే చెబుతుంది.