నీటిలోని గేదెకు బేరము

గోదావరి పాయల నడుమ లంకభూములు సాగుచేయు రైతునకు పడవ విలాసవస్తువు కాదు. అరటిగెలలు, కూరగాయలు గట్టునకు చేర్చుటకును, కూలీలను దాటించుటకును, పశువులకు మేత కొనిపోవుటకును అది మెట్టరైతునకు బండి యెట్టిదో అట్టిది. వరద పెరిగి కాజువేలు మునిగిన దినములలో పడవ గలవాడే ఇల్లు కదలగలడు. 2022వ సంవత్సరము జూలై మాసమున ధవళేశ్వరమునుండి 25 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు సముద్రమునకు పోయినప్పుడు ఈ సంగతి లంకవాసులందరికిని అనుభవమునకు వచ్చినది. చేపల చెరువులు గల సభ్యులకును మేత చల్లుటకు చిన్న పడవ అవసరమే.

క్రొత్త పడవ కొనగల శక్తి అందరికి లేదు గాన, పాతదానికై వెదకుట సహజము. పూర్వము రేవునకు పోయి, నలుగురినడిగి, పడవనెక్కి చూచి కొనెడివారు. నేడు చేతిలోని ఫోనునందే పడవల బొమ్మలు, ధరలు, అమ్మువారి నంబర్లు కనబడుచున్నవి. ఈ క్రొత్త సంతలో నిజమైన అమ్మకందార్లు గలరు. వారి నడుమ పడవయే లేని అమ్మకందార్లును గలరు. వీరిని గుర్తించు విధము తెలుపుటకును, మన సంఘము ఈ విషయమున చేయదగిన పని యొకటి కలదని విన్నవించుటకును ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

నీటిలో గేదెను నిలిపి బేరమాడినట్లని మనవారి సామెత. నీటిలోని గేదెకు కొమ్ములైనను కనబడును. ఫోనులోని పడవకు అదియు లేదు. కనబడునది బొమ్మ మాత్రమే. ఆ బొమ్మ ఏ రేవులో, ఏ సంవత్సరమున, ఎవరి పడవకు తీసినదో చూచువానికి తెలియదు. మోసగానికి ఇదియే పెట్టుబడి.

ఒక ఉదాహరణము తీసికొందము. ఇంజనుతో కూడిన ఫైబరు పడవ ఒకటి మన ప్రాంతమున లక్షన్నర పలుకుననుకొందము. అట్టిదే 60 వేలకు ఇచ్చెదనని ప్రకటన కనబడును. అమ్మువాడు తాను సైన్యములో పనిచేయుచున్నాననియు, బదిలీ అయినందున త్వరగా అమ్మివేయుచున్నాననియు చెప్పును. సైనికుని గుర్తింపు కార్డు బొమ్మ పంపును. పడవను చూడ వచ్చెదమన్నచో, అది కంటోన్మెంటులో నున్నది, బయటివారిని రానీయరనును. మరియొకరు కొనుటకు సిద్ధముగా నున్నారు, 5 వేలు బయానా పంపినచో మీకే నిలిపి యుంచెదననును. బయానా ముట్టిన పిదప లారీ కిరాయి, అటుపిమ్మట భీమా, దాని తరువాత తిరిగి వచ్చునని చెప్పెడి పన్ను, ఇట్లు ఒక్కొక్క మెట్టు ఎక్కించును. ఇచ్చినది పోవునేమో యను భయముచేతనే రైతు మరల ఇచ్చుచుండును. తుదకు ఫోను మూగవోవును. సైనికుని పేర నడచు ఈ మోసము దేశమంతట ఎరుకపడినదే. పాపము, ఆ కార్డు సొంతదారునకు తన పేర జరుగుచున్న ఈ వ్యాపారము తెలియకపోవచ్చును.

ఇందు గమనింపదగిన గుర్తులు కొన్ని గలవు. ధర ఊరి ధరకు సగమునకు తగ్గియుండుట మొదటి గుర్తు. పడవను చూపకుండుటకు ఎల్లప్పుడు ఏదో యొక కారణముండుట రెండవది. తొందరపెట్టుట మూడవది. చూడకముందే ధనమడుగుట నాలుగవది. ఈ నాలుగింటిలో కడపటిది ఒక్కటి కనబడినను బేరము విడువవలెనని మా నిశ్చితాభిప్రాయము. మిగిలిన మూడును నిజమైన అమ్మకందారునందును అప్పుడప్పుడు ఉండవచ్చును. అక్కరపడి చౌకగా అమ్మువాడు లేకపోలేదు. కాని కొనువాడు పడవను చూచుటకు వచ్చెదనన్నచో నిజమైనవాడు సంతోషించును గాని సాకులు చెప్పడు.

బొమ్మలను పరీక్షించుటకును మార్గమున్నది. అదే బొమ్మ వేరొక ఊరి ప్రకటనలోనున్నదేమో ఫోనునందే వెదకి చూడవచ్చును. చదువుకొన్న పిల్లలు క్షణములో చేసి పెట్టుదురు. పడవ నిలిచిన రేవు, వెనుకనున్న చెట్లు, పడవపై వ్రాసిన అక్షరములు అమ్మువాడు చెప్పిన ఊరితో సరిపడుచున్నవా యని చూడవలెను. మాటలాడుచుండగానే వీడియోలో పడవను చూపి, దాని నంబరుమీదను ఇంజను నంబరుమీదను వ్రేలు పెట్టి చదువుమని అడుగవలెను. పడవ లేనివాడు ఆ పని చేయలేడు. అయినను వీడియో చూచుట పడవను చూచుటకు బదులు కాదు. వెళ్లుట దండుగయా కాదా యని తేల్చుకొనుటకు మాత్రమే అది పనికివచ్చును.

ధనము పంపు విషయమున ఒక్క సూత్రము ఇంటిల్లిపాదికిని కంఠస్థము కావలెను. యూపీఐలో మనకు ధనము వచ్చుటకు పిన్ను నొక్కవలసిన పనిలేదు; క్యూఆర్ కోడును చూపి స్కాను చేయవలసిన పనియు లేదు. పిన్ను నొక్కితిమా, ధనము మననుండి పోవుచున్నదనియే అర్థము. పడవ అమ్ముకొను సభ్యులకు ఈ హెచ్చరిక మరింత అవసరము. కొనెదనని వచ్చినవాడు, నీకు బయానా పంపుచున్నాను, ఈ కోడు స్కాను చేసి పిన్ను కొట్టుమనును. లేక పొరపాటున ఎక్కువ పంపితిని, మిగిలినది తిప్పి పంపుమని దొంగ సందేశము చూపును. వచ్చినదో లేదో బ్యాంకు ఖాతాలో చూడవలెను గాని అతడు పంపిన సందేశములో కాదు. వ్యక్తులు ఒకరినొకరు యూపీఐ ద్వారా ధనమడుగు కలెక్టు పద్ధతిని నిలిపివేయుడని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషను 2025 జూలైలో బ్యాంకులను ఆదేశించినది. మంచిదే. కాని ఒక తలుపు మూసిన దొంగ మరియొక తలుపు తట్టును. అపరిచితుడు పంపిన యాప్ ఫైలును ఫోనులో ఎక్కించుట, ఓటీపీ చెప్పుట, మన ఫోను తెర అతనికి కనబడునట్లు చేయుట, ఇవి ఎన్నడును కూడవు.

పడవ నిజముగా ఉన్నను అమ్ముటకు అతనికి హక్కు ఉన్నదా యనునది వేరు ప్రశ్న. 1930వ సంవత్సరపు సరకుల విక్రయ చట్టము 27వ సెక్షను ప్రకారము, సాధారణముగా అమ్ముచున్నవానికి లేని హక్కు కొనువానికి రాదు. దొంగ పడవకు పూర్తి ధర ఇచ్చినను, అసలు సొంతదారు వచ్చిన దినమున పడవ అతనిదే. మనకు మిగులునది పోలీసు స్టేషను త్రోవ. కావున కాగితములు చూడవలెను. సముద్రములో వేటాడు పడవలకు మత్స్యశాఖ నమోదు సంఖ్య ఉండును. నదులలో ఇంజనుతో నడచు నౌకలకు, 1917 నాటి చట్టమునకు బదులుగా వచ్చిన 2021వ సంవత్సరపు అంతర్గత జలనౌకల చట్టము క్రింద సర్వే సర్టిఫికేటును రిజిస్ట్రేషనును సాధారణముగా ఉండవలెను. కాగితములోని పేరు, అమ్మువాని ఆధారు కార్డులోని పేరు, ధనము చేరు బ్యాంకు ఖాతా పేరు, ఈ మూడును ఒక్కటి కావలెను. బావమరది ఖాతాకు పంపుడు, మేనేజరు ఖాతాకు పంపుడు అన్నచో ఆగవలెను. పడవపై బ్యాంకు అప్పున్నచో అప్పు తీరినట్లు బ్యాంకు పత్రము కావలెను. ప్రభుత్వ సబ్సిడీతో వచ్చిన పడవలకు, ఇంజనులకు అమ్మకముపై షరతులుండవచ్చును గాన మత్స్యశాఖ కార్యాలయమున అడిగి తెలిసికొనుట మేలు.

ఇక పడవను చూచుటకు పోయినవారు కంటికి నింపైన రంగు చూచి మోసపోరాదు. క్రొత్త రంగు క్రింద పాత పగుళ్లుండవచ్చును. ఫైబరు పడవను వ్రేళ్లతో తట్టుచు పోయినచో చెడినచోట మ్రోత మారును. కొయ్యపడవయైనచో ఉప్పునీటి పురుగు తొలిచిన రంధ్రములకై అడుగుభాగము వెదకవలెను. ఇంజను చల్లగా నున్నప్పుడే తిప్పించి చూడవలెను. ముందే వెచ్చబెట్టి యుంచిన ఇంజను తన జబ్బు చెప్పదు. బరువు వేసి, నీటిలో అరగంట నడిపి, అడుగున నీరు ఊరుచున్నదేమో చూడవలెను. 2019 సెప్టెంబరు 15వ తేదీన దేవీపట్నము మండలము కచ్చులూరువద్ద గోదావరిలో పర్యాటకుల పడవ మునిగి పెక్కుమంది ప్రాణములు కోల్పోయిన సంగతి మన ప్రాంతమువారు మరువలేరు. ఆ దుర్ఘటనకు పాత పడవల బేరములతో సంబంధము లేదు. కాని గోదావరిమీద పడవ యెక్కుట యెంత బాధ్యతతో కూడిన పనియో అది తెలుపుచున్నది. చూడక కొన్న పడవలో పోవునది ధనమొక్కటియే కాకపోవచ్చును.

ఇట్లు మోసపోయినవారిని గూర్చి ఊరిలో అత్యాశాపరులని ఆక్షేపించుట వాడుకయైనది. మేమిందుకు సమ్మతింపము. వరదకాలము ముంచుకొని వచ్చుచుండగా, తోటలోని గెలలు పండుచుండగా, అప్పు తెచ్చిన సొమ్ముతో చౌకగా పడవ దొరకునా యని వెదకువాడు అత్యాశాపరుడు కాడు, అక్కరగలవాడు. అతనిని ఆక్షేపించుటచే కలుగు ఫలమొక్కటే: అతడు సిగ్గుచే నోరు మూసికొనును, అదే మోసమునకు మరునాడు పొరుగువాడు చిక్కును. మోసగాడు మన ధనముకంటె మన సిగ్గుమీదనే ఎక్కువగా ఆధారపడియున్నాడు.

ఫోనులో కొనుటయే మానవలెనని కొందరు పెద్దలు చెప్పుచున్నారు. ఇదియు మాకు సరిగా తోచదు. ఒక రేవులోని ఒక దళారి చెప్పిన ధరకే తల ఒగ్గవలసిన రైతు, నేడు కాకినాడలోను మచిలీపట్నములోను ఏ ధరకు అమ్ముచున్నారో ఇంటనుండియే తెలిసికొనగలుగుచున్నాడు. ఇది చిన్న లాభము కాదు. లోపము ఫోనులో లేదు. కొనువాడు ఒంటరియగుటలో నున్నది. పశువుల సంతకు ఒక్కడే పోవు రైతు అరుదు. పండ్లు చూచువానిని ఒకనిని, నడక చూచువానిని ఒకనిని వెంటబెట్టుకొని పోవును. విత్తనములను నూరు గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో మొలకెత్తించి చూచువాడే, ఫోను ముందర మాత్రము రాత్రివేళ, ఒక్కడు, ఎవరికి చెప్పక, వేలకొలది రూపాయలు పంపుచున్నాడు.

మన దేశమున 1904వ సంవత్సరపు చట్టముతో సహకార పరపతి సంఘములు వెలసినప్పుడు, వానికి పునాది ఒక ఊరివారు ఒకరినొకరు ఎరిగియుండుట. ఎవడు నమ్మదగినవాడో ఇరుగుపొరుగుకు తెలియును గాన అప్పిచ్చుట సాధ్యమైనది. ఫోను సంతలో లేనిది ఆ ఎరుకయే. దానిని సమకూర్పగల శక్తి సహకార సంఘములకు ఉన్నది. రాజోలు రైతు మచిలీపట్నములోని పడవకై బేరమాడుచున్నాడనుకొందము. ఆ ప్రాంతమునను మనవంటి ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘములున్నవి. మన కార్యదర్శి అచటి కార్యదర్శికి ఒక్క ఫోను చేసి, పడవ ఉన్నదా, అమ్ముచున్నవాడు ఆ ఊరివాడేనా యని ఒక సభ్యుని పంపి చూపించుమని కోరవచ్చును. ఆ సభ్యుని దారిఖర్చు కొనువాడే భరించును. వారికి ఇట్టి అవసరము కలిగినప్పుడు మనమును అట్లే చేయుదము. కార్యదర్శులకు పని హెచ్చునని అనువారుందురు. నెలకు ఒకటి రెండు ఫోనులు భారము కావు. ఒక సభ్యుడు మునిగినచో వసూలు కాని బాకీ సంఘమునకు భారమగును.

ఇంత జాగ్రత్త పడినను మోసము జరిగినచో ఆలస్యము చేయరాదు. వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను; కేంద్ర ప్రభుత్వపు జాతీయ సైబర్ నేరముల పోర్టలులో ఫిర్యాదు వ్రాయింపవలెను; బ్యాంకునకు తెలుపవలెను. ధనము ఖాతానుండి ఖాతాకు పరుగెత్తుచుండును గాన, తొలి గంటలలో చెప్పినచో నిలుపుటకు అవకాశమెక్కువ. సందేశములు, నంబర్లు, చెల్లింపు వివరములు తుడిచివేయక భద్రపరుపవలెను. పోయిన ధనము తిరిగి ఇప్పించెదనని మరల ఫోను చేయువాడు చాల భాగము ఆ ముఠావాడే గాన, వానికి పైసయు ఈయరాదు.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ దిగువ విషయములను సభ్యులు చర్చింపవలెనని కోరుచున్నాము. పాత పడవ, ఇంజను, ట్రాక్టరు మున్నగునవి దూరమునుండి కొనువారికి తోడుగా పోవుటకు, చూపు తెలిసిన ముగ్గురు సభ్యులను సంఘము ఎన్నుకొనవలెను. ఇతర సంఘములతో పైన చెప్పిన ఏర్పాటు చేసికొనవలెను. మోసపోయిన సభ్యుని పేరు వెల్లడింపక, మోసము జరిగిన తీరును ఈ పత్రికలో ప్రకటింపవలెను. అంతవరకు సభ్యులు ఒక్క నియమము పాటింతురుగాక: పడవలో కాలు పెట్టకముందు ధనము పంపరాదు, కాలు పెట్టునప్పుడు ఒంటరిగా ఉండరాదు.